జర్మన్ కిలో దాహక బాంబు: కొనేముందు ఏం చూడాలి, అసలు ఫినిష్‌ను ఎలా పట్టుకోవాలి

బ్రిటన్‌లో పాత మిలిటరీ సామాన్ల సంతకు వెళ్తే, హెల్మెట్లూ బెల్టు బకిల్సూ దాటాక ఏదో ఒక బల్ల మీద జానెడున్నర పొడవున్న వెండిరంగు గొట్టం కనిపిస్తుంది. దాని వెనక ముదురు ఆకుపచ్చ రేకు తోక ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ వైమానిక దళం ఊళ్ల మీద గుమ్మరించిన ఒక కిలో దాహక బాంబు, అంటే నిప్పంటించే బాంబు, అది. కాగితాల మీద దాని పేరు బి1ఇ. మీరు చేతిలోకి తీసుకోగానే అమ్మేవాడు ఒక మాట అంటాడు: ‘ఒరిజినల్ ఫినిష్ సార్, ఎవరూ ముట్టుకోలేదు.’ ఫినిష్ అంటే ఫ్యాక్టరీలో వచ్చిన పైపూత, ఉపరితలం. ధర ఆ మాట మీదే నిలబడి ఉంటుంది.

ఆ మాట నిజమో కాదో రంగు షేడ్ చూసి చెప్పలేం. ఈ బాంబుకు ఏదో ఒక చరిత్ర ఉంటుంది. కప్పు మీద పడి ఉంటుంది, మట్టిలో ఉండి ఉంటుంది, అటక మీద గడిపి ఉంటుంది, లేదా అసలు విమానమే ఎక్కకుండా గిడ్డంగిలో ఉండిపోయి ఉంటుంది. ఆ చరిత్రకీ, పైన కనిపించే లోహానికీ రంగుకీ పొంతన కుదరాలి. కింద చెప్పే పరీక్షలన్నీ ఆ పొంతన వెతకడానికే.

మొదటి మెట్టు: అది ఖాళీయేనా?

ఫినిష్ సంగతి తర్వాత. ఈ ప్రశ్నకు కాగితం మీద జవాబు లేకపోతే మిగతా మెట్లు ఎక్కవద్దు.

మామూలు బాంబులో ఉక్కు తొడుగు వేరు, లోపలి మందు వేరు. ఇందులో అలా కాదు. ఒళ్లంతా ఎలక్ట్రాన్ అనే మిశ్రమ లోహం. అందులో తొంభై శాతానికి పైగా మెగ్నీషియమే. లోపల కూరిన థెర్మైట్ (విపరీతమైన వేడితో మండే లోహపు పొడి మిశ్రమం) అంటుకుంటే ఆ వేడికి ఒళ్లే మండుతుంది. అంటే తొడుగే ఇంధనం. థెర్మైట్ కాలంతో కుళ్లిపోయే పదార్థం కాదు. ఎనభై ఏళ్లు అటక మీద ఉన్నంత మాత్రాన బాంబు చచ్చిపోయినట్టు కాదు. పైగా 1940 చివరి నుంచి కొన్నిటిలో చిన్న పేలుడు మందు కూడా పెట్టారు, ఆర్పడానికి వచ్చినవాళ్లను గాయపరచడానికి. 1942 నాటికి ముక్కు భాగంలో ఉక్కు తొడుగు, అందులో మరింత బలమైన పేలుడు మందు ఉన్న రకాలు బ్రిటన్ మీద పడ్డాయి. పైనుంచి చూసి ఏది మామూలుదో ఏది పేలేదో తేల్చడం సేకరణదారు పని కాదు, బాంబు నిర్వీర్య దళం పని.

కాబట్టి అమ్మేవాడి దగ్గర ‘పేలుడు పదార్థాలు లేవు’ అని అర్హత ఉన్న నిపుణుడు రాసిచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. అందులో ఆ ఒక్క వస్తువు గుర్తులు, ముద్రలు, ఫొటో ఉండాలి. ‘మా దగ్గర ఉన్నవన్నీ ఇనర్ట్ (పేలనివి)’ అని టోకున రాసిన చీటీ దేనికీ పనికిరాదు. ఒంటికి రంధ్రం ఉంది కాబట్టి ఖాళీ అనే వాదన కూడా వినకండి. గట్టిగా కూరిన థెర్మైట్ రంధ్రం పక్కనే అలాగే ఉండిపోవచ్చు. కొన్ని రంధ్రాలు తయారీలోనే వాయువు బయటికి పోవడానికి పెట్టినవి.

అనుమానం ఉన్న బాంబును ఊపి చూడవద్దు, తట్టి చూడవద్దు, విప్పవద్దు, కారులో వేసుకుని పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లవద్దు. ఉన్నచోటే వదిలి, దూరం జరిగి, పోలీసులకు ఫోన్ చేయాలి. మట్టిలో దొరికినదానికీ, తాతగారి ట్రంకు పెట్టెలో దొరికినదానికీ ఇదే పద్ధతి.

ఖాళీ అని తేలినా ఒక హద్దు మిగిలే ఉంటుంది. మెగ్నీషియం ఒంటిని డ్రిల్ చేయకూడదు, ఆకురాయితో రాయకూడదు, ఇసుక కాగితంతో రుద్దకూడదు. దిమ్మగా ఉన్న మెగ్నీషియం సులువుగా అంటుకోదు గానీ దాని పొడి, సన్నని రజను అంటుకుంటాయి. అంటుకున్నాక నీళ్లు పోసినా, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కొట్టినా మంట పెరుగుతుంది. ఎండు ఇసుక, లోహాల మంటలకు ఉద్దేశించిన పొడి మాత్రమే పనికొస్తాయి. లండన్ వీధుల్లో ఇసుక బకెట్లు వరుసగా పెట్టింది ఇందుకే.

రెండో మెట్టు: వస్తువును చదవడం

దీని మూలం మొదటి ప్రపంచ యుద్ధపు చివరి రోజుల్లో ఉంది. గ్రీస్‌హైమ్ ఎలక్ట్రాన్ అనే జర్మన్ కంపెనీ లోహంతో 1918లో ఇలాంటి బాంబులు తయారు చేసి, లండన్, ప్యారిస్ నగరాలను తగలబెట్టాలని పథకం వేశారు. యుద్ధం ఓడిపోతున్న దశలో పై అధికారులు దాన్ని ఆపేశారు. ఆ ఆలోచన 1930లలో మళ్లీ లేచింది. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా పట్టణం మీద కాండోర్ లీజియన్ (స్పెయిన్ అంతర్యుద్ధానికి జర్మనీ పంపిన దళం) వేసినవాటిలో ఇవి ఉన్నాయి. ఆ వార్తను ప్రపంచానికి చెప్పిన విలేకరి జార్జ్ స్టీర్ తన కథనంలో వీటిని అల్యూమినియం దాహక గుళ్లు అని రాశాడు. లోహం పేరు తప్పే. కానీ మనకు పనికొచ్చే సాక్ష్యం అందులో ఉంది. కొత్తగా పడిన బాంబును చూసిన మనిషి కంటికి అది అల్యూమినియంలా కనిపించింది, అంటే ఒంటి మీద దట్టమైన రంగు లేదు.

1940 నవంబర్ 14 రాత్రి కొవెంట్రీ మీద 30,000కి పైగా దాహక బాంబులు పడ్డాయి. డిసెంబర్ 29 రాత్రి లండన్‌లో సెయింట్ పాల్స్ గోపురపు సీసం రేకులో ఒకటి ఇరుక్కుని, చివరికి కింది వసారాలోకి జారి పడితే కాపలాదారులు ఆర్పేశారు. ఇన్ని వేలు పడ్డాయి కాబట్టే ఇవాళ సంతల్లో దొరుకుతున్నాయి. అయితే ఎక్కువ దొరికేది పూర్తి బాంబు కాదు, కాలిపోగా మిగిలిన తోక. మెగ్నీషియం మండిపోతుంది, స్టీలు రేకు మిగులుతుంది. దాడి జరిగిన మర్నాడు పిల్లలు వీధుల్లో ఏరుకుని, ఒకరికొకరు మార్చుకున్నవి ఈ తోకలే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా కూడా అదే: మొదట తోక కొనండి. ప్రమాదం తక్కువ, ధర తక్కువ, పూతల గురించి నేర్చుకోవడానికి దాన్ని మించిన పాఠం లేదు.

పూర్తి బాంబు తోకతో కలిపి దాదాపు 35 సెంటీమీటర్లు, ఒంటి వ్యాసం 5 సెంటీమీటర్లు. మామూలు రకం బరువు ఒక కిలో. ముక్కుకు ఉక్కు ముక్క తగిలించిన రకం 1.3 కిలోలు, ఆ సంఖ్య పేరులోనే ఉంటుంది. పేరు చివర ‘జెడ్’ అక్షరం ఉంటే పేలుడు మందు ఉన్న రకం. ఆరు పలకలుగా ఉన్న గొట్టం చూపించి జర్మన్‌ది అంటే నమ్మకండి. అది నాలుగు పౌన్ల బ్రిటిష్ బాంబు, జర్మన్ నగరాల మీద పడింది. అమెరికన్ రకం కూడా ఆరు పలకలదే. జర్మన్ కిలో బాంబు గుండ్రంగా ఉంటుంది.

ఒంటి మీద గుద్దిన ముద్రల్లో రకం పేరు, తయారీ సంకేతం, లాట్ నంబరు, సంవత్సరం, తనిఖీ ముద్ర వెతకండి. గెర్నికా బాంబుల మీద ‘ఆర్‌హెచ్‌ఎస్’ అన్న సంకేతం, 1936 సంవత్సరం ఉన్నట్టు స్టీర్ నమోదు చేశాడు. ఈ సంకేతం జర్మన్ బాంబుల ఫ్యూజుల (పేల్చే యంత్రాంగం) మీద కూడా కనిపిస్తుంది, జోమెర్డాలోని రైన్‌మెటాల్ ఫ్యాక్టరీది. సంవత్సరం యుద్ధానికి ముందుదైతే కంగారు పడకండి. 1936లో గుద్దిన బాంబు 1940లో పడటంలో వింతేమీ లేదు, నిల్వలు అలా పోగేశారు.

మూడో మెట్టు: పరీక్ష, వరుస ప్రకారం

తుడవకండి. ఇంటికి తెచ్చిన మొదటి గంటలో చేతులు దురద పెడతాయి, పాత బట్టతో ఒకసారి దుమ్ము దులిపితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. ముందు ఫొటోలు తీయండి. కిటికీ పక్క పగటి వెలుగులో అన్ని వైపుల నుంచీ, తర్వాత చీకటి గదిలో టార్చిని పక్కవాటుగా ఆనించి. పక్కవాటు వెలుతురులో రంగు కింద ఉన్న గుంతలు, గీతలు, ఫిల్లర్ పూసిన చోట్లు నీడలతో సహా బయటపడతాయి. అమ్మేవాడి బల్ల దగ్గర కూడా ఈ పని చేయవచ్చు. టార్చి బయటికి తీయగానే బేరం స్వరం మారే అమ్మకందారులున్నారు.

తర్వాత అయస్కాంతం. చిన్నదాన్ని దారానికి కట్టి ఒంటి దగ్గరికి తెస్తే కదలకూడదు, తోక దగ్గర లాగాలి. ముక్కు దగ్గర లాగితే ఉక్కు ముక్కున్న రకం కావచ్చు, అప్పుడు ముద్రలు కూడా అదే చెప్పాలి. ఒళ్లంతా లాగితే అది గొట్టం ముక్కతో చేసిన నకలు.

అల్యూమినియం నకలును అయస్కాంతం పట్టుకోలేదు, సాంద్రత పట్టుకుంటుంది. ఘన సెంటీమీటరు మెగ్నీషియం మిశ్రమం దాదాపు 1.8 గ్రాములు, అల్యూమినియం 2.7. సర్టిఫికెట్ ఉన్న, పూర్తిగా ఖాళీ అయిన, తోక లేని ఒళ్లు మాత్రమే అయితే నీళ్లలో ముంచి చూడవచ్చు. 500 గ్రాముల ఒళ్లు మెగ్నీషియంది అయితే దాదాపు 278 మిల్లీలీటర్ల నీటిని పక్కకు తోస్తుంది, అల్యూమినియంది అయితే 185. తేడా ఇంత పెద్దది కాబట్టి వంటింటి కొలపాత్ర చాలు. గాలి బుడగలు లోపల చిక్కుకోకుండా చూడాలి, వెంటనే పూర్తిగా ఆరబెట్టాలి. ఉపరితలం పెళుసుగా ఉన్నా, పాత రంగు లేస్తున్నా ఈ పరీక్ష మానేయండి. చేతిలో పట్టుకుంటే ‘ఇంత తేలికా?’ అనిపించడమే చాలాసార్లు సరిపోతుంది.

ఇక పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం. అసలు పని ఇక్కడ మొదలవుతుంది.

ఒంటిని ముందు చూడండి. ఎక్కువ బాంబుల ఒళ్లు లోహపు రంగులోనే ఉంటాయి. ఆ రోజుల్లో ఎలక్ట్రాన్ భాగాలు తుప్పు పట్టకుండా నైట్రిక్ ఆమ్లం, పొటాషియం బైక్రోమేట్ కలిపిన ద్రావణంలో ముంచడం మామూలు. దానివల్ల లోహానికి పలుచని పసుపు, ఇత్తడి ఛాయ వస్తుంది. అలాంటి ఛాయ మూలల్లోనూ ముద్రల లోపలా మిగిలి, చేతులు తగిలే ఉబ్బెత్తు చోట్ల అరిగిపోయి ఉంటే మంచి సూచన. దాన్ని మురికి అనుకుని తోమేసినవాళ్లు ఎందరో. ఆ పొరలోని క్రోమియం ఒంటికి మంచిది కాదు, అది తోమకపోవడానికి మరో కారణం.

అసలు లోహానికీ వెండిరంగు పెయింటుకీ తేడా భూతద్దంలో తేలిక. పెయింటులో చిన్న చిన్న రేకుల మెరుపులు కనిపిస్తాయి, అవి తయారీ గీతలను పూడ్చేస్తాయి. లోహంలో గీతలు గీతల్లాగే ఉంటాయి. వెండి పెయింటు ఉందంటే వెంటనే మోసం అనకండి. యుద్ధం రోజుల్లోనే చాలా ఇళ్లలో ఇలాంటి జ్ఞాపకాలను పొయ్యిలకు వేసే వెండిరంగుతో ముస్తాబు చేసి అలంకారంగా పెట్టుకున్నారు, కొందరు అద్దంలా పాలిష్ చేసి దీపస్తంభాలుగా మార్చారు. అది ఆ కాలపు మార్పే, కానీ ఫ్యాక్టరీ ఫినిష్ కాదు. నా దృష్టిలో 1941లో ఒక కుటుంబం వేసిన రంగుకు కూడా విలువ ఉంది. దాన్ని ఫ్యాక్టరీ ఫినిష్ ధరకు అమ్మితేనే పేచీ.

మెగ్నీషియం తుప్పు ఎర్రగా ఉండదు. బూడిద తెలుపు పొడిలా, ఉప్పు పేరుకున్నట్టు ఉంటుంది. ఒంటి మీద ఎర్రమరక ఉంటే పక్కనున్న స్టీలు నుంచి కారినదై ఉండాలి, అది తోక వైపు నుంచి మొదలవ్వాలి. ఒళ్లంతా సమానంగా ఎర్రని మరకలు చల్లినట్టుంటే ఎవరో ‘పాతదనం’ వండారు.

ఒళ్లూ తోకా కలిసే అంచు నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు. మెగ్నీషియం, స్టీలు ఒకదాన్నొకటి ఆనుకుని తేమ తగిలితే మెగ్నీషియం వైపును తుప్పు వేగంగా తినేస్తుంది. దశాబ్దాలు కలిసి ఉన్న జత అయితే ఆ అంచులో ఒంటి వైపు తెల్లని పొక్కులు, కొరుకుడు ఉంటాయి. ఒళ్లు నున్నగా, తోక తుప్పుగా, అంచు శుభ్రంగా ఉంటే రెండు వేర్వేరు బాంబుల ముక్కలను కలిపి ఉండొచ్చు. కాలిపోయిన తోకలు విరివిగా, మంచి ఒళ్లు అరుదుగా దొరుకుతాయి కాబట్టి ఈ పెళ్లిళ్లు బాగానే జరుగుతుంటాయి. అదే అంచు దగ్గర ఆకుపచ్చ రంగు ఒంటి మీదికి మంచులా చిమ్మి ఉంటే స్ప్రే డబ్బా పని. గీత గీసినంత తిన్నగా ఆగిపోతే, ఆ గీత పక్కన చిన్న రంగు గట్టు వేలికి తగిలితే, టేపు అంటించి వేసిన రంగు.

ముద్రల దగ్గర ఆగండి. నిజమైన ముద్ర లోపలా బయటా ఒకే వయసు కనిపించాలి. చుట్టూ బూడిదరంగు తుప్పు, అక్షరం అడుగున మాత్రం కొత్త మెరుపు ఉంటే ఈమధ్య గుద్దింది. గుద్దినప్పుడు అంచున లేచే సన్నని గట్టు ఎనభై ఏళ్ల చేతుల తాకిడికి మొద్దుబారి ఉండాలి. గోరు తగిలితే గీసుకునేంత పదునుగా ఉంటే అనుమానించండి.

తోక మీది రంగు

ఎక్కువ వాటి తోక ముదురు ఆకుపచ్చే. షేడ్ కార్డు పక్కన పెట్టి ‘ఇదిగో ఈ నంబరే’ అని వాదించేవాళ్ల మాట నేను పెద్దగా పట్టించుకోను. ఎన్నో లాట్లు, ఎన్నో ఫ్యాక్టరీలు, ఆ మీద పొగ, ఎండ, సిగరెట్ పసుపు, ఎవరో పూసిన వార్నిష్. ఫోన్ కెమెరా వీటిమీద ఇంకో అబద్ధం కలుపుతుంది. పైగా నకలు చేసేవాడు కూడా అదే షేడ్ కార్డు చూసే డబ్బా కొంటాడు.

షేడ్ బదులు రంగుకూ దెబ్బకూ ఏది ముందో చూడండి. పడిన బాంబు తోక రెక్కలు సాధారణంగా వంగి ఉంటాయి. రంగు వేసిన రేకు వంగితే మడత మీద రంగు పగులుతుంది, చిన్న పెంకులుగా లేస్తుంది, ఆ పగుళ్లలో తుప్పు మొదలవుతుంది. మడత మీదుగా రంగు నున్నగా సాగిపోయి ఉంటే, వంగిన తర్వాత వేసిన రంగది. ఇందులో వాదనకు తావు లేదు. స్లేటు కప్పుకో ఇటుకకో గీసుకున్న చోట రంగు పోయి లోహం కనిపించాలి, ఆ లోహం మీద పాత గోధుమరంగు తుప్పు ఉండాలి. గీత అడుగున కూడా ఆకుపచ్చే ఉంటే మళ్లీ అదే తీర్పు.

తుప్పు గుంతల మీద కూడా ఇదే తర్కం. అసలు రంగు కింద తుప్పు పాకి, రంగును పైకెత్తి ఊడగొడుతుంది. మళ్లీ వేసిన రంగు గుంతలోకి దిగి, గిన్నెలో గంజిలా అడుగున పేరుకుంటుంది. పక్కవాటు టార్చి వెలుగులో ఇది స్పష్టంగా తెలుస్తుంది.

కాలిన తోక అయితే వేడి ఆనవాళ్లు వెతకాలి. ఒంటికి దగ్గరగా ఉన్న భాగంలో రంగు పూర్తిగా మాడిపోయి స్టీలు నలుపు, నీలం, గోధుమ ఛాయల్లోకి మారి ఉంటుంది. దూరంగా పోయేకొద్దీ పొక్కులు, ఆ తర్వాత కొంచెం మిగిలిన ఆకుపచ్చ. లోపల మూలల్లో తెల్లని మెగ్నీషియం ఆక్సైడ్ గట్టిగా అంటుకుని ఉంటుంది. ‘బ్లిట్జ్‌లో (1940-41లో బ్రిటన్ మీద జర్మన్ బాంబు దాడుల్లో) కాలిపోయిన తోక’ అని చెప్పి ఒంటి వైపు దాకా నిగనిగలాడే ఆకుపచ్చ చూపిస్తే నవ్వి పక్క బల్లకు వెళ్లండి. పడగానే తోక ఊడి దూరంగా ఎగిరిపోతే రంగు మిగలొచ్చు. అలాంటప్పుడు కాలిన గుర్తులూ, తెల్లని ఆక్సైడూ ఉండకూడదు.

దెబ్బే తగలని, వంగని, రంగు చెదరని పూర్తి బాంబు చూపిస్తే ఒకే ప్రశ్న: ఇది ఆకాశం నుంచి ఎందుకు పడలేదు? జవాబులు ఉండొచ్చు. యుద్ధం చివర జర్మనీలో పట్టుబడిన నిల్వలోంచి తెచ్చుకున్నది కావచ్చు, బాంబులు వెదజల్లే పెట్టెతో సహా దొరికింది కావచ్చు, ఎయిర్ రెయిడ్ వార్డెన్లకు (వైమానిక దాడుల వేళ వీధులకు కాపలా ఉండేవాళ్లు) శిక్షణ ఇవ్వడానికి ఖాళీ చేసి వాడినది కావచ్చు. వాటికి కాగితమో, శిక్షణ కేంద్రం గుర్తో, సైనికుడి కుటుంబం దగ్గర ఫొటోనో ఉంటే అందం. ‘పొలంలో దొరికింది’ అంటూ ఫ్యాక్టరీ మెరుపు చూపిస్తే రెండు మాటల్లో ఒకటి అబద్ధం.

అతినీలలోహిత టార్చి, ద్రావణాలు

చవకగా దొరికే అతినీలలోహిత టార్చి సాయం చేస్తుంది. ఈ కాలపు ఫిల్లర్లు, జిగుర్లు, కొన్ని వార్నిష్‌లు నీలంగా, పాలలా వెలుగుతాయి. ఒకే తోక మీద ఒక రెక్క నల్లగా, మరొకటి మెరుస్తూ ఉంటే అక్కడ చెయ్యి పడింది. అంతకు మించి దీన్ని నమ్మకండి. వెలగకపోవడం పాతదనానికి రుజువు కాదు.

కాటన్ బడ్‌తో స్పిరిట్ రాసి చూడటం కూడా కొందరు చేస్తారు. డబ్బా స్ప్రే ఆక్రిలిక్ అయితే వెంటనే మెత్తబడి బడ్‌కు ఆకుపచ్చ అంటుతుంది. చేయాలనుకుంటే తోక లోపలి వైపు, ఆవగింజంత చోట, మీరు కొన్న తర్వాతే చేయండి. అసిటోన్ వద్దు. నైట్రోసెల్యులోజ్ రంగులు ఆ కాలంలోనూ ఉన్నాయి, అసిటోన్‌కు పాతవి కూడా కరుగుతాయి. చివరికి మీకు సమాధానం దొరకదు, రంగు మాత్రం పోతుంది.

వాసన చూడటం నవ్వులాటగా అనిపించవచ్చు గానీ పనిచేస్తుంది. మూసిన ప్లాస్టిక్ సంచిలో ఒక రాత్రి ఉంచిన తోక తెల్లారి పెయింట్ షాపులా గుప్పుమంటే దాని వయసు మీకు తెలిసిపోయినట్టే.

నాలుగో మెట్టు: ఎలా వర్ణించాలి

ఇన్ని చూశాక తీర్పు ‘ఒరిజినల్’ లేదా ‘ఫేక్’ అని రెండు పెట్టెల్లో పడదు. నేను రాసుకునే పద్ధతి ఇది: ఒళ్లు వేరుగా, తోక వేరుగా, అంచు వేరుగా. ‘ఒళ్లు అసలు లోహం, ముక్కు నలిగింది, ముద్రలు చెదరలేదు. తోక ఆకుపచ్చ సగం అసలుది, ఒక రెక్క మళ్లీ రంగు వేసింది. అంచు జత కలిసినట్టే ఉంది.’ ఇలా రాసిన వర్ణన పది మంది ‘మింట్ కండిషన్’ మాటలకన్నా మేలు, రేపు మీరు అమ్మినా కొన్నవాడికి మీ మీద గురి ఉంటుంది. పోల్చుకోవడానికి లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం సేకరణ ఆన్‌లైన్‌లో ఉంది. దాతల వివరాలతో ఉన్న వస్తువులు ఎక్కువ నమ్మదగినవి. వేలం ఫొటోలను ప్రమాణంగా తీసుకోకండి. మళ్లీ రంగు వేసినవే ఎక్కువ మెరుస్తాయి, కొత్తవాళ్ల కంటికి అవే ‘సరైనవి’గా అలవాటైపోతాయి.

ఐదో మెట్టు: దాచుకోవడం

మెగ్నీషియానికి పెద్ద శత్రువు ఉప్పు. చేతి చెమటలో కూడా ఉప్పే ఉంటుంది, కాబట్టి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. పొడి గాలి, మూత ఉన్న అద్దాల పెట్టె, అందులో సిలికా జెల్ చాలు. ఇత్తడి, రాగి స్టాండ్లు తగలనివ్వకండి. ఇందాక అంచు దగ్గర చెప్పుకున్న కొరుకుడే అక్కడా మొదలవుతుంది. పాలిథీన్ ఫోమ్ మీద పడుకోబెట్టడం మేలు. లోహం స్థిరంగా ఉంటే మ్యూజియాలు వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం పలుచగా పూయవచ్చు. లేస్తున్న రంగు మీద మాత్రం పూయకండి, బట్టతోపాటు ఊడి వస్తుంది. నిమ్మకాయ, వెనిగర్, చింతపండు లాంటి పులుపులేవీ మెగ్నీషియం దగ్గరికి రానివ్వకండి. ఆమ్లం తగిలితే లోహం నురగలు కక్కుతూ కరుగుతుంది, మండే హైడ్రోజన్ వస్తుంది.

ఆరో మెట్టు: చట్టం, రవాణా

అమెరికాలో పనిచేసే దాహక బాంబు ‘డిస్ట్రక్టివ్ డివైస్’ కింద నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ పరిధిలోకి వస్తుంది. ఖాళీ అనడానికి మీ దగ్గర రుజువు ఉండాలి. జర్మనీలో యుద్ధాయుధాల చట్టం, పేలుడు పదార్థాల చట్టం రెండూ కఠినం. మట్టిలో దొరికినదాన్ని ఇంటికి తెచ్చుకోవడం నేరుగా చిక్కు. స్వస్తిక ఉన్న తనిఖీ ముద్రను బహిరంగంగా ప్రదర్శించడం కూడా అక్కడి శిక్షాస్మృతి 86ఎ కింద సమస్య కావచ్చు, పరిశోధనకూ బోధనకూ మినహాయింపులున్నా.

విమానంలో వద్దు. చేతి బ్యాగులోనూ, చెక్ఇన్ లగేజీలోనూ నకలు బాంబులను కూడా అనుమతించరు. 2022లో ఒక అమెరికన్ కుటుంబం గోలాన్ కొండల్లో దొరికిన పేలని గుండును ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ ఎయిర్‌పోర్ట్‌కు తెచ్చి ‘ఇది తీసుకెళ్లొచ్చా?’ అని అడిగేసరికి జనం పరుగులు తీశారు, తొక్కిసలాటలో ఒకరు ఆస్పత్రి పాలయ్యారు. ఖాళీదే అయినా ఎక్స్‌రే తెర మీద అదే ఆకారం కనిపిస్తుంది.

విదేశాల్లో ఉండి, రిటైరయ్యాక సేకరణతో సహా హైదరాబాద్ వచ్చేద్దామనుకునే మనవాళ్లకు ఒక మాట. 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ యాక్ట్, 1908 నాటి ఎక్స్‌ప్లోజివ్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్, 1959 నాటి ఆర్మ్స్ యాక్ట్, ఆపైన కస్టమ్స్. ఇన్ని గేట్ల దగ్గర ‘ఇది ఖాళీదండీ, సర్టిఫికెట్ కూడా ఉంది’ అని ఒప్పించే టెన్షన్ ఎవరికీ వద్దు. బాంబును అక్కడే మరో సేకరణదారుకో మ్యూజియానికో అప్పగించి, దాని ఫొటోలూ, ఫైలూ, ఆ కాలపు కాగితాలూ తెచ్చుకోండి. విల్స్ కంపెనీ 1938లో సిగరెట్ పెట్టెల్లో ఇచ్చిన 50 ఎయిర్ రెయిడ్ జాగ్రత్తల కార్డులు చాలా బాగుంటాయి. దాహక బాంబును ఎలా ఆర్పాలో బొమ్మలతో సహా అందులో ఉంది. సూట్‌కేసులో హాయిగా పడతాయి.

మన దగ్గర బాంబు చూడాలనుకుంటే విశాఖ మ్యూజియంలో 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు వేస్తే పేలకుండా మిగిలిన బాంబు ఉంది. అది జర్మన్‌ది కాదు, దాహక బాంబూ కాదు. కానీ ఎనభై ఏళ్ల నాటి బాంబు ఉపరితలాన్ని, ఎవరి సర్టిఫికెట్ గురించీ బెంగ లేకుండా తీరిగ్గా చూడాలంటే మంచి చోటు. తర్వాత పూసిన రంగు ఎక్కడ ఎలా కూర్చుందో గమనించండి, అభ్యాసానికి పనికొస్తుంది.

చివరి పని ఇంట్లోవాళ్ల కోసం. సర్టిఫికెట్ అసలు ప్రతి ఫైల్లో, కాపీ అద్దాల పెట్టె అడుగున పెట్టండి. పెద్ద అక్షరాలతో ‘ఖాళీ బాంబు, వివరాలు ఫలానా ఫైల్లో’ అని రాసిన చీటీ పెట్టె వెలుపల అంటించండి, బాంబు మీద కాదు. ఇల్లు మారేటప్పుడు ప్యాకర్స్‌కు ముందే చెప్పండి. అగ్నిమాపక సిబ్బంది ఎప్పుడైనా ఇంటికి వస్తే ఆ గదిలో మెగ్నీషియం ఉందని మొదటి మాటగా చెప్పాలని మీ భార్యకో భర్తకో, ఎదిగిన పిల్లలకో తెలిసి ఉండాలి.